హదా కొండ మలుపుల్లో

ఉమ్రా చేసి వచ్చిన మన కుటుంబాలను పలకరిస్తే మక్కా, మదీనాల విశేషాలు గంటల తరబడి చెబుతారు. కాని మక్కాకు తూర్పున దాదాపు తొంభై కిలోమీటర్ల దూరంలో, కొండల మీద నెలకొన్న తాయిఫ్ నగరాన్ని చూసి వచ్చామనేవారు తక్కువ. ఒకప్పుడు ఉమ్రా వీసాతో మక్కా, మదీనా, జిద్దాలు దాటి వెళ్ళే వీలుండేది కాదు. ఇప్పుడు ఆ అడ్డంకి తొలగింది. రమజాన్ ముగిసిన తరువాత, ఒక ఏప్రిల్ చివరి వారంలో మా అమ్మకు, నాకు ఆ అవకాశం లభించింది. అయితే గంటన్నరలో ముగియవలసిన ప్రయాణానికి మాకు ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటల సంగతే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

తాయిఫ్ సముద్రమట్టానికి సుమారు 1,880 మీటర్ల ఎత్తున ఉన్నది. దానికి వాకిలి వంటి హదా మరికొంత ఎత్తు, దాదాపు 2,000 మీటర్లు. మక్కా నుండి అక్కడికి రెండు దారులు. ఉత్తరంగా సైల్ మీదుగా పోయేది చుట్టుదారి. ఏటవాలు తక్కువ గనుక భారీ లారీలు అటే వెళతాయి. రెండవది అరఫాత్ మైదానాన్ని దాటి, అల్ కర్ అనే చోట కొండ అడుగున మొదలై, తొంభైకి పైగా మలుపులతో పైకి పాకే హదా దారి. 1965లో, ఫైసల్ రాజు కాలంలో అది వాడుకలోకి వచ్చింది. అంతకు పూర్వం ఒంటెలు ఎక్కే రాతిబాట ఒకటి ఉండేది. నేటికీ అది రోడ్డు కింది లోయలో తెగిన పూసల దండలా అక్కడక్కడా కనిపిస్తుంది.

మాది రాయచోటి. కడపకు పోవాలంటే గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగాలి. మా చిన్నతనంలో ఆ కనుమలో పెట్రోలు జీపులు వేసవి మధ్యాహ్నాల్లో మొరాయించి నిలిచిపోయేవి. ప్రయాణికులు దిగి పాలకోవా తింటూ ఉంటే డ్రైవరు పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టి, బీడీ ముట్టించి, దూరంగా కూర్చునేవాడు. నా తమ్ముడు మెకానిక్కు పని నేర్చుకున్నది అటువంటి జీపులు వచ్చే షెడ్డులోనే. ఇప్పుడు పదిహేనేళ్ళుగా జిద్దాలోని సనాయియాలో, అంటే షెడ్డులన్నీ ఒకచోట ఉండే వాడలో, పని చేస్తున్నాడు. షెడ్డు యజమాని హదాకు చెందిన ఒక వృద్ధుడు. అందరూ ఆయనను షేక్ అని పిలుస్తారు. కొండ మీద ఆయనకు గులాబీ తోట ఉన్నది.

ఆ తోటకు చెందినదే మేము ఎక్కిన బండి. టయోటా ల్యాండ్ క్రూయిజర్ 45 శ్రేణి పికప్. నలభై ఏళ్ళు దాటిన వయసు, ఆరు సిలిండర్లు, 4.2 లీటర్ల పెట్రోలు ఇంజను. అరబ్బులు ఈ పికప్‌లను ‘షాస్’ అంటారు. ఛాసిస్ అన్న మాట వారి నాలుకపై అలా మారింది. షేక్ గారి చిన్న కుమారునికి సెలవు రోజుల్లో ఇసుక తిన్నెలపై బండి తోలడం సరదా. తిన్నె ఎక్కేటప్పుడు బండికి జోరు చాలడం లేదని, కంపెనీ కార్బురేటర్ తీసివేసి పెద్దది బిగించమని అతడు పట్టుబట్టాడు. తమ్ముడు ఇంజను విప్పి బాగుచేసి, ఆ పెద్ద కార్బురేటర్ కూడా బిగించాడు. జిద్దా వీధుల్లో బండి దూసుకుపోయింది. షేక్ ఫోనులో అన్న మాట తమ్ముడు మాకు రెండుసార్లు చెప్పాడు: “బండిని నీవే నడిపి కొండ మీదికి తీసుకురా. అది సరిగా ఎక్కితే ఇక షెడ్డు మంచి చెడ్డలు నీవే చూసుకో.”

ఆ మాటకు ఎంత విలువ ఉన్నదో ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లల చదువు, సగంలో ఆగిన ఇల్లు చూసుకుంటున్న మా మరదలిని అడగాలి.

బండి ఎలాగూ తాయిఫ్‌కు వెళుతున్నది; ముందు సీటులో ముగ్గురికి చోటున్నది. టాక్సీ మాట్లాడతానని తమ్ముడు అన్నా అమ్మ వినలేదు. “నీ చేత్తో బాగుచేసిన బండిలో నేను కూర్చోకపోతే ఎవరు కూర్చుంటారు?” అన్నది. హరమ్‌లో జుహర్ నమాజు చేసి బయలుదేరాము. వెనుక తొట్టిలో మా పెట్టెలు, జమ్‌జమ్ డబ్బాలు రెండు, బండి నుండి విప్పిన పాత సామాను గోనెసంచి. విప్పిన ప్రతి వస్తువును యజమానికి తిరిగి అప్పగించాలన్నది తమ్ముడికి రాయచోటి షెడ్డులో అబ్బిన అలవాటు. ఆ సంచి సంగతి తరువాత వస్తుంది.

అరఫాత్ మైదానంలో అమ్మ ఉలిక్కిపడినట్లు ముందుకు వంగి, “వేపచెట్లు!” అన్నది. నిజమే. హాజీల నీడ కోసం నాటిన వేలాది వేపచెట్లు వరుసలు తీరి నిలిచి ఉన్నాయి. హజ్ కాలంలో లక్షలాది మందితో నిండే ఆ మైదానం ఆ వేళ నిర్మానుష్యంగా ఉన్నది. మన ఇంటి వాకిట్లోని చెట్టును అంత దూరంలో, అటువంటి చోట చూస్తే కలిగే ఆనందం చెప్పడం కష్టం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

అల్ కర్ వద్ద టీ కోసం ఆగాము. పావుగంట తరువాత తాళం తిప్పితే బండి వెంటనే అందుకోలేదు. సెల్ఫ్ గిరగిర తిరిగింది. పెట్రోలు వాసన గుప్పుమన్నది. చివరికి నల్లటి పొగ వదిలి లేచింది. తమ్ముడి ముఖం మారింది గాని ఏమీ అనలేదు. ఏటవాలు మొదలైంది. రెండవ గేరు, తరువాత మొదటి గేరు. పది పదిహేను మలుపులు సాఫీగా గడిచాయి. ఆ తరువాత ఇంజను గొంతు పట్టినట్లు దగ్గసాగింది. తొక్కితే ముందుకు పోవలసింది పోయి ఇంకా ఉక్కిరిబిక్కిరి అయ్యేది. అద్దంలో చూస్తే వెనుక నల్లని తోక. మరో నాలుగు మలుపులకు ఒక కుదుపుతో ఆగిపోయింది. అదృష్టవశాత్తు రోడ్డు పక్కన వాహనాలు నిలిపే జాగా దగ్గరలోనే ఉన్నది. తమ్ముడు బ్రేకు వదిలి బండిని వెనక్కి జార్చి అక్కడికి చేర్చాడు.

ఇక్కడ కార్బురేటర్ గురించి నాలుగు మాటలు చెప్పాలి. దాని పని తేలికైనదే. ఇంజను పీల్చే గాలి ఒక సన్నని గొంతు గుండా పోతుంది. గొంతు వద్ద గాలి వేగం పెరిగి, అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ లాగుడుకు పక్కనున్న చిన్న తొట్టిలోని పెట్రోలు, జెట్టు అనే సూదిరంధ్రం ద్వారా పైకి ఎగసి గాలిలో కలుస్తుంది. గొంతు పెద్దదైతే ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ బలం. కాని అది ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడే. మెల్లగా కొండ ఎక్కేటప్పుడు పెద్ద గొంతులో గాలి బద్ధకంగా పోతుంది. పెట్రోలు పొగమంచులా విచ్చుకోక చుక్కలుగా రాలుతుంది. పైగా కార్బురేటర్‌కు గాలి బరువు తెలియదు. 1,900 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రతీరంలో కంటే దాదాపు ఐదవ వంతు తక్కువ. అక్కడ గాలి పలుచబడినా జెట్టు మాత్రం ఇంచుమించు జిద్దాలో పోసినంత పెట్రోలే పోస్తుంది. అంటే పైకి పోయేకొద్దీ ఇంజనుకు ఊపిరి తగ్గి తిండి ఎక్కువవుతుంది. నల్లపొగ అందుకే.

ఈ లెక్క తమ్ముడికి తెలుసు. ఒక ప్లగ్గు విప్పి చూపాడు. మొన మసిబారి ఉన్నది. “జెట్లు పెద్దవయ్యాయి భాయీ. కాని అంతమాత్రానికి బండి పొగ వేస్తుంది, ఈడుస్తుంది, ఇలా చచ్చిపోదు. ఇంకేదో ఉంది,” అన్నాడు. కార్బురేటర్ మీద చెయ్యి పెట్టబోయి వెంటనే తీసుకున్నాడు. చెవి దగ్గరపెట్టి విను అన్నాడు. విన్నాను. ఇంజను ఆగి పది నిమిషాలైనా లోపల సన్నగా బుడబుడమంటున్నది. పెట్రోలు ఉడుకుతున్నది!

గువ్వలచెరువు గుర్తుకు వచ్చింది ఇద్దరికీ. పంపుకు, గొట్టానికి తడిగుడ్డలు చుట్టాలి. నీళ్ళు కావాలి. బండిలో తాగేనీటి సీసాలు ఆరు, వెనుక జమ్‌జమ్ డబ్బాలు. తమ్ముడు సందేహిస్తూ అమ్మ వైపు చూశాడు. ఎండలో ఆమెకు దాహమవుతుంది గదా. అమ్మ క్షణం ఆలోచించి, “తాగడానికి జమ్‌జమ్ ఉంది. సీసాలు బండికి పొయ్యి,” అన్నది. తన పెట్టెలోంచి నూలు తువ్వాలు కూడా తీసి ఇచ్చింది.

అంతలో బబూన్ కోతుల గుంపు రోడ్డు గోడ మీద చేరింది. హదా దారికి అవి నిలయవిద్వాంసులు. మగవాటికి భుజాల మీద వెండి జూలు, ముఖంలో ఊరిపెద్ద గాంభీర్యం. ఒకటి వచ్చి ఖాళీ సీసాను అందుకొని, మూత తిప్పి, వాసన చూసి, నిరసనగా పారవేసింది. అమ్మ చాలా రోజుల తరువాత పగలబడి నవ్వింది. దారిన పోయే ఒక సౌదీ కుటుంబం కారు ఆపి, మంచినీటి సీసాల కట్ట దించి, అమ్మను తమతో హదా వరకు తీసుకుపోతామన్నది. కారులో ఆడవారు ఉన్నారు, వెళ్ళమని నేనూ చెప్పాను. అమ్మ వారికి చేతులెత్తి దుఆ చేసి పంపించింది గాని బండి దిగలేదు.

అర్ధగంటకు బండి లేచింది. ఏడు మలుపులు ఎక్కి మళ్ళీ ఆగింది. మళ్ళీ తడిగుడ్డలు. ఈసారి అసర్ నమాజు అక్కడే, గోడ నీడలో చేశాము. కింద ఒంటెల రాతిబాట స్పష్టంగా కనిపిస్తున్నది. ఎవరో ఏ కాలంలోనో ఒక్కొక్క రాయి చెక్కి పేర్చారు. ఒంటె అడుగు ఎంత దూరం పడుతుందో చూసి వేసినట్లున్నాయి ఆ మెట్లు.

సలాం చెప్పి లేచాడో లేదో తమ్ముడి ఫోను మోగింది. షేక్. ఎక్కడున్నారని అడిగారు. దారిలో ఉన్నామని తమ్ముడు చెప్పి పెట్టేశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి, “పెట్రోలులో ఏదో కల్తీ ఉందని చెబుతాను. పాత ట్యాంకు, తుప్పు రాలిందంటే కూడా నమ్ముతారు,” అన్నాడు, నాతో కాదు, తనతోనే అన్నట్లు. నేను పెద్దవాడినే గాని నోరు మెదపలేదు. షెడ్డు వాడి చేతికి రావాలని నాకూ ఉన్నది. నిజం ఒప్పుకోవాలి గదా.

అమ్మ విన్నది. ఆమె మందలించలేదు. “మీ నాయన కుట్టుమిషను మీద బతికినాడు. కుట్టు వంకరపోతే గుడ్డ మంచిది కాదని ఎన్నడైనా అన్నాడా?” అని మాత్రం అడిగింది. తమ్ముడు బదులివ్వలేదు. మళ్ళీ బానెట్ ఎత్తి లోపలికి వంగి చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. తరువాత తొట్టిలోకి ఎక్కి గోనెసంచి మూతి విప్పాడు. చేతిలో ఒక మందపాటి నల్లని పలకతో, ఒక మాసిన రేకుతో దిగివచ్చాడు.

“ఇది వేయలేదు భాయీ,” అన్నాడు.

ఆ పలక బేకలైటుతో చేసినది. వేడిని అంత త్వరగా దాటనివ్వదు. ఈ రకం ఇంజనులో గాలి లోనికి పోయే గొట్టం, పొగ బయటికి పోయే గొట్టం రెండూ ఒకే వైపున, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చలిదేశాల్లో అది మేలే. పొగ వేడికి పెట్రోలు చక్కగా ఆవిరవుతుంది. వేడిదేశంలో ఆ సెగ నేరుగా కార్బురేటర్‌కు తగలకుండా కంపెనీవారు మధ్యలో ఈ పలకను, దాని కింద ఈ రేకును అమర్చారు. కొత్త కార్బురేటర్ అడుగుభాగం ఇంజను మీది రంధ్రాలకు సరిపడదు గనుక, మధ్యలో ఒక అల్యూమినియం పలక వేయవలసి వచ్చింది. దానితో ఎత్తు పెరిగి బానెట్ మూతపడలేదు. ఎత్తు తగ్గించడానికి తమ్ముడు బేకలైటు పలకను, రేకును తీసి పక్కన పెట్టాడు. అల్యూమినియం అన్నం గిన్నె వంటిది. కింది మంటను ఉన్నది ఉన్నట్లు పైకి అందిస్తుంది. జిద్దా వీధుల్లో గాలి తగులుతూ ఉంటే ఆ తప్పు బయటపడలేదు. కొండ మీద, ఇంజను మెల్లగా కష్టపడుతూ ఉంటే, ముఖ్యంగా పావుగంట ఆపి ఉంచితే, కింది సెగంతా పైకి ఎక్కింది. తొట్టిలోని పెట్రోలు మరిగి ఇంజనులోకి పొంగింది. పంపులో, గొట్టంలో ఉన్నది ఆవిరై దారి మూసింది. ఒకే సమయంలో అతివృష్టి, అనావృష్టి!

పలక చేతిలోనే ఉన్నా అక్కడ బిగించే వీలు లేదు. బోల్టుల పొడవు చాలదు. కాగే ఇంజను మీద పెట్రోలు నిండిన తొట్టిని విప్పడం ప్రమాదం. ఎండ తగ్గేదాకా ఆగి, సాయంత్రపు చల్లగాలిలో, తడిగుడ్డలు మారుస్తూ మెల్లగా ఎక్కాము. మలుపు మలుపుకూ అమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. మగ్రిబ్ అజాన్ వినిపించే వేళకు హదా చేరాము. కింద చెమటలు కార్చిన మేము పైన శాలువా కోసం పెట్టె వెదకుకున్నాము.

షేక్ గుమ్మం ముందే నిలబడి ఉన్నారు. తమ్ముడు సలాం చేసి, కుశలప్రశ్నలు ముగియక ముందే పలకను ఆయన చేతిలో పెట్టి, వచ్చీరాని అరబ్బీలో జరిగినదంతా చెప్పాడు. తప్పు తనదేనని రెండుసార్లు అన్నాడు. షేక్ పలకను దీపపు వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, “మీ అమ్మగారిని ముందు లోపలికి తీసుకురా, ముహందిస్,” అన్నారు. అంతే. షెడ్డు ఊసు ఎత్తలేదు.

మరునాడు తెల్లవారకముందే తోటలో అలికిడి. తాయిఫ్ గులాబీ ముప్పై రేకుల పువ్వు. మార్చి చివర మొదలై ఏప్రిల్ అంతా కోత. ఎండ పడితే పరిమళం తగ్గుతుందని సూర్యోదయానికి ముందే కోస్తారు. ఒక తులం అత్తరుకు పది పన్నెండు వేల పువ్వులు పడతాయట. పెద్ద రాగి కాగుల్లో పువ్వులు, నీరు వేసి కింద మంట పెడతారు. ఆవిరి గొట్టం గుండా చల్లని నీటి తొట్టిలోకి పోయి, చుక్కలుగా సీసాలోకి దిగుతుంది. మంట దగ్గర కూర్చున్న ముసలి పనివాడు క్షణక్షణం గ్యాసు తగ్గించడం, పెంచడం చూసి అమ్మ అక్కడే పీట వేసుకొని కూర్చున్నది. భాష తెలియకపోయినా పొయ్యి గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

జుమా నమాజుకు ముందే తమ్ముడు పెద్ద కార్బురేటర్ విప్పివేశాడు. బేకలైటు పలక వేసి, పొడుగు బోల్టులు తెచ్చి, చిన్న జెట్లతో అదే మళ్ళీ బిగించవచ్చు. ఆ సంగతి షేక్‌తో చెప్పాడు. కాని కొండకు సరిపడే జెట్టు జిద్దాలో చాలదు, జిద్దాకు సరిపడేది కొండ మీద ఎక్కువవుతుంది. వారానికి రెండుసార్లు ఎక్కి దిగే తోటబండికి చిన్న గొంతు పాతదే మేలని కూడా చెప్పాడు. కుమారుని ముఖం చిన్నబోయింది. ఇసుక మీద దానంత జోరు ఉండదని తమ్ముడు అతనికి దాచకుండా చెప్పాడు. షేక్ గోనెసంచి వైపు చూపించారు. పాత కార్బురేటర్, రేకు, పలక తమ తమ స్థానాల్లోకి తిరిగి వెళ్ళాయి.

ఆ మధ్యాహ్నం, ఎండ మండే వేళ చూసి, తమ్ముడు నన్ను ఎక్కించుకొని అల్ కర్ వరకు దిగాడు. అదే టీ దుకాణం. ఇంజను ఆపి గడియారం చూసుకుంటూ కూర్చున్నాడు. టీ తాగలేదు. పావుగంట కాదు, ఇరవై నిమిషాలు ఆగాడు. తాళం తిప్పితే మొదటి తిప్పుకే అందుకున్నది. మెల్లగానే ఎక్కింది, మొదటి గేరులో రొప్పుతూ ఎక్కింది, కాని ఎక్కడా ఆగలేదు. మేము మొన్న నమాజు చేసిన గోడ దగ్గర కోతులు మమ్మల్ని గుర్తుపట్టలేదు.

శనివారం తిరుగు ప్రయాణం. హదా దాటగానే వచ్చే వాదీ మహ్రమ్, తాయిఫ్ వైపు నుండి మక్కాకు వెళ్ళేవారికి మీఖాత్. మరొక ఉమ్రా చేసే భాగ్యం కలిగిందని అమ్మ సంతోషానికి అవధులు లేవు. మేమిద్దరం ఇహ్రామ్ వస్త్రాలు ధరించాము. ఆ తెల్లని వస్త్రాలతో బానెట్ ఎత్తవలసి రాకూడదని తమ్ముడు పదేపదే అంటూ ఉంటే నవ్వు ఆపుకోలేకపోయాను. షేక్ భార్య అమ్మకు బహూకరించిన గులాబీ అత్తరు సీసా, ఇహ్రామ్‌లో పరిమళం పూసుకోరాదు గనుక, మూడు చుట్ల గుడ్డలో పెట్టె అడుగున ఉన్నది. గోనెసంచిలో ఇప్పుడు పెద్ద కార్బురేటర్ ఉన్నది. జిద్దాలో అమ్మిపెట్టమని షేక్ ఇచ్చారు.

మలుపుల్లో గేరు మీదే బండిని నిలుపుకుంటూ దిగాము. అల్ కర్ దాటి, వేడిగాలి ముఖానికి తగిలి, అరఫాత్ సమీపించగానే అమ్మ తల్బియా మధ్యలో ఆగి, కిటికీలోంచి వేలు చూపించింది. “చెట్ల కింద కాసేపు ఆపు బేటా,” అన్నది. తమ్ముడు బండి ఆపాడు. ఇంజను కూడా ఆపాడు.